కమాండ్ లైన్ ప్రోగ్రాముకు మాన్యువల్: ఫార్మాట్ ఎంపిక నుంచి విడుదల దాకా

కమాండ్ లైన్ ప్రోగ్రాము రాయడం ముగించి మాన్యువల్ మొదలుపెట్టబోయేవారికి మొదటి చిక్కు ఫార్మాట్ దగ్గరే వస్తుంది. యూనిక్స్‌లో పాఠాన్ని పేజీగా అమర్చే రాఫ్ భాషలోని మ్యాన్ మాక్రోలు (మాక్రో అంటే ఒక పేరుతో పిలిచే ఆదేశాల కట్ట), బీఎస్‌డీ అనే యూనిక్స్ శాఖ సంప్రదాయపు ఎమ్‌డాక్, గ్నూ వారి టెక్స్‌ఇన్ఫో, పెర్ల్ వారి పాడ్, డాక్‌బుక్, ఆస్కీడాక్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, మార్క్‌డౌన్, ఎస్‌సీడాక్ అని ఇన్ని ఉన్నాయి. ప్రతిదానికీ గట్టి సమర్థకులు ఉన్నారు, ప్రతిదానిలోనూ పేరున్న ప్రాజెక్టులు ఏళ్ల తరబడి సాఫీగా నడుస్తున్నాయి. కాబట్టి ఎవరు వాడుతున్నారన్న ఆధారంతో ఎంచుకోబోతే ఎటూ తేలదు.

నేను వాడే కొలత ఒక్కటే. సోర్స్‌లో మీరు నమోదు చేసిన సమాచారమే చివరిదాకా మిగులుతుంది. ‘ఇది ఆప్షన్’ అని గుర్తుపెట్టి రాసినదాన్ని బొద్దు అక్షరాలుగా మార్చడం ఏ సాధనానికైనా చిటికెలో పని. బొద్దు అక్షరాలను చూసి అది ఆప్షనో, ఫైలు పేరో, కమాండ్ పేరో తేల్చడం మాత్రం ఊహాగానమే. నీరు పల్లమెరుగు అన్నట్టు ఫార్మాట్ల మార్పిడి కూడా అర్థం నుంచి రూపానికే సులువుగా ప్రవహిస్తుంది, వెనక్కి ఎక్కదు. ఎరిక్ రేమండ్ రాసిన డాక్‌లిఫ్టర్ అనే సాధనం ఈ ఎదురీత కోసమే పుట్టింది: పాత మ్యాన్ పేజీల (టెర్మినల్‌లో ‘మ్యాన్’ కమాండ్ చూపే మాన్యువల్ పేజీల) రూపాన్ని చూసి, వాటిలోని నిర్మాణాన్ని ఊహించి, డాక్‌బుక్‌గా మారుస్తుంది. అలాంటి సాధనం అవసరపడిందన్న సంగతే ఆ దారి ఎంత ఏటవాలో చెబుతుంది.

ఈ వ్యాసంలో కమాండ్లను, మాక్రోలను, ఫైలు దారులను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని అసలు అక్షరాలతోనే టైపు చేయాలి. ఉదాహరణకు ‘కత్తెర’ అనే ఒక ఊహా ప్రోగ్రామును తీసుకుందాం. అది పాత లాగ్ ఫైళ్లను తొలగించి, చివరి కొన్నింటిని మాత్రం ఉంచుతుంది. ఎన్ని ఉంచాలో ‘-ఎన్’ ఆప్షన్‌తో చెప్పవచ్చు.

మొదటి మెట్టు: చదివే చోటును, రాసే చోటును వేరు చేయండి

మాన్యువల్ ఫార్మాట్ గురించి జరిగే వాదాల్లో సగం ఒక గందరగోళం వల్ల పుడతాయి. చదివేవారికి అందే రూపం ఒకటి, మీరు నిర్వహించే సోర్స్ మరొకటి. ఈ రెండూ ఒకే ఫార్మాట్‌లో ఉండాలన్న నియమం లేదు.

చదివే రూపం విషయంలో ఎంపిక పెద్దగా లేదు. నెట్‌వర్క్ సరిగా లేని సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి ఏదో సరిచేస్తున్న మనిషి మొదట ‘--హెల్ప్’ చూస్తాడు, అది చాలకపోతే ‘మ్యాన్ కత్తెర’ అని కొడతాడు. ప్రతి ప్రోగ్రాముకూ మాన్యువల్ పేజీ ఉండాలని డెబియన్ అనే లినక్స్ పంపిణీ విధాన పత్రం కూడా కోరుతుంది. కనుక మీ సోర్స్ ఏదైనా, దానినుంచి మంచి మ్యాన్ పేజీ రావాలి. వెబ్‌లో చదువుకోవడానికి హెచ్‌టీఎమ్‌ఎల్ రూపం కూడా ఉంటే మేలు. రెపాజిటరీ ముంగిట కనిపించే రీడ్‌మీ ఫైలు ఈ రెంటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే ప్యాకేజీగా ప్రోగ్రామును స్థాపించుకున్నవారి యంత్రంలో అది చాలాసార్లు ఉండనే ఉండదు, ఉన్నా దాన్ని వెతకాలన్న ఊహ వారికి రాదు.

ఇక మిగిలినది సోర్స్ ఎంపిక. దానికి ఈ ఫార్మాట్ల పుట్టుక కొంత తెలియాలి.

రెండవ మెట్టు: ఏది ఏ అవసరం కోసం పుట్టిందో తెలుసుకోండి

1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రన్‌ఆఫ్ అనే ప్రోగ్రాము ఈ వంశానికి మూలపురుషుడు. చుక్కతో మొదలయ్యే వరుసను ఆదేశంగా, మిగతా వరుసలను పాఠంగా తీసుకునే పద్ధతి అక్కడినుంచే వచ్చింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల పేర్లతో 1971 నవంబరు 3న వెలువడిన మొదటి యూనిక్స్ ప్రోగ్రామర్ల మాన్యువల్‌లో ఈనాటి మ్యాన్ పేజీ రూపురేఖలు చాలావరకు కనిపిస్తాయి: పేరు, వాడే తీరు, వివరణ, సంబంధిత ఫైళ్లు, చివర ‘బగ్స్’ అనే విభాగం. తమ ప్రోగ్రాములోని లోపాలను తామే అచ్చులో ఒప్పుకునే ఆ నిజాయితీ నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది; మీ పేజీలోనూ ఆ విభాగాన్ని వదలకండి.

ఇప్పుడు మనం మ్యాన్ మాక్రోలు అంటున్నవి 1979లో యూనిక్స్ ఏడవ వెర్షన్‌తో వచ్చాయి. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ వాటిని రూపొందించారు. ఇవి ప్రధానంగా రూపాన్ని చెబుతాయి: ‘.బి’ అంటే బొద్దు, ‘.ఐ’ అంటే వాలు అక్షరాలు, ‘.ఎస్‌హెచ్’ అంటే శీర్షిక, ‘.టీపీ’ అంటే పక్కన పదం పెట్టి వివరణను లోపలికి జరపడం. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. లినక్స్ మ్యాన్-పేజెస్ ప్రాజెక్టు ఇప్పటికీ వీటినే వాడుతోంది.

1990లో 4.3 బీఎస్‌డీ రీనోతో వచ్చిన ఎమ్‌డాక్, సింథియా లివింగ్‌స్టన్ రూపకల్పన, అర్థాన్ని చెప్పే మాక్రోల దారి పట్టింది. ‘.ఎఫ్ఎల్’ అంటే ఆప్షన్, ‘.ఏఆర్’ అంటే ఆర్గ్యుమెంట్, ‘.ఈవీ’ అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ‘.పీఏ’ అంటే ఫైలు దారి, ‘.ఎక్స్ఆర్’ అంటే మరో పేజీకి సూచన. ఈ రెంటికీ ఉన్న తేడా మాటల్లో కంటే పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కత్తెర వాడే తీరు మ్యాన్ మాక్రోల్లో ఇలా ఉంటుంది:

.బి కత్తెర
.ఆర్‌బి [ \-ఎన్
.ఐఆర్ సంఖ్య ]
.ఐఆర్ ఫైలు ...

అదే ఎమ్‌డాక్‌లో:

.ఎన్ఎమ్
.ఓపీ ఎఫ్ఎల్ ఎన్ ఏఆర్ సంఖ్య
.ఏఆర్ ఫైలు ...

తెర మీద రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిదానిలో చదరపు కుండలీకరణాలు వట్టి అక్షరాలు. ఒకటి మూయడం మరిచిపోయినా ఏ సాధనమూ పట్టుకోదు. రెండవదానిలో ‘ఓపీ’ అంటే ‘ఇది ఐచ్ఛికం’ అని చెప్పడం, కుండలీకరణాలు దానంతట అవే వస్తాయి. ఆప్షన్ ముందు గీత కూడా మీరు పెట్టనక్కరలేదు. 2008లో క్రిస్టాప్స్ జోన్సన్స్ మొదలుపెట్టిన, మ్యాన్ పేజీలను చదివి చూపే మ్యాన్‌డాక్ అనే ప్రోగ్రాము ఈ గుర్తులను ఆసరాగా చేసుకునే, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ప్రస్తావించే పేజీలన్నిటినీ ‘అప్రోపో’ కమాండ్‌తో వెతికి ఇవ్వగలుగుతోంది, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఒక్కొక్క ఆప్షన్‌కూ నేరుగా లంకె కుదిరేలా చేస్తోంది. మ్యాన్ మాక్రోలతో రాసిన పేజీలో అదే వెతుకులాట వట్టి అక్షరాల పోలికగా మిగులుతుంది.

గ్నూ వర్గం వేరే దారి పట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్, బాబ్ చాసెల్‌లు 1980ల మధ్యలో రూపొందించిన టెక్స్‌ఇన్ఫో ఒకే సోర్స్ నుంచి అచ్చు పుస్తకాన్నీ, టెర్మినల్‌లో చదివే ఇన్ఫో ఫైలునూ ఇస్తుంది; తర్వాత హెచ్‌టీఎమ్‌ఎల్ కూడా వచ్చి చేరింది. గ్నూ కోడింగ్ ప్రమాణాల ప్రకారం అసలు మాన్యువల్ టెక్స్‌ఇన్ఫోలోనే ఉండాలి, మ్యాన్ పేజీ రెండవ స్థానానిది. అందుకే గ్నూ ప్రాథమిక కమాండ్ల కట్ట అయిన కోర్‌యుటిల్స్‌లోని ‘ఎల్‌ఎస్’ మ్యాన్ పేజీ ‘--హెల్ప్’ ఫలితం నుంచి హెల్ప్2మ్యాన్ అనే సాధనం తయారుచేసిన సంక్షిప్త రూపంగా ఉండి, పూర్తి వివరాలకు ఇన్ఫో చూడమంటుంది. చాలామందికి ఇది చిరాకు తెప్పించే మాట నిజమే. అయితే అధ్యాయాలు, అకారాది సూచిక అవసరమైనంత పెద్ద ప్రోగ్రాముకు ఇన్ఫోలో ‘ఐ’ కీ నొక్కి సూచికలో ఒక మాట వెతికితే సరిగ్గా ఆ చోటికి వెళ్లడం ఎంత హాయో, వంద తెరల మ్యాన్ పేజీలో స్లాష్ కొట్టి వెతికి విసిగినవారికి తెలుస్తుంది.

మిగతావాటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాడ్ 1994లో పెర్ల్ 5తో వచ్చింది. కోడ్ ఉన్న ఫైలులోనే మాన్యువల్ రాయడం దాని ప్రత్యేకత, పెర్ల్ బయట కూడా బాగానే పనిచేస్తుంది. 1991లో హాల్ కంప్యూటర్ సిస్టమ్స్, ఓ’రైలీ సంస్థలు మొదలుపెట్టిన డాక్‌బుక్ అర్థాన్ని అన్నిటికంటే సూక్ష్మంగా నమోదు చేస్తుంది, కానీ ఒక్క ఆప్షన్ రాయడానికి నాలుగు ట్యాగులు తెరిచి మూయాలి. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ ఆ భారాన్ని మోస్తూనే ఉంది. ఆ భారం తగ్గించడానికి స్టువర్ట్ రాఖమ్ 2002లో తెచ్చిన ఆస్కీడాక్‌ను గిట్ తన మాన్యువల్ అంతటికీ వాడుతోంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ను, దానినుంచి మాన్యువల్ తయారుచేసే స్ఫింక్స్‌తో కలిపి, సీమేక్ అనే నిర్మాణ సాధనం వాడుతుంది. డ్రూ డివాల్ట్ రాసిన ఎస్‌సీడాక్ మ్యాన్ పేజీ తప్ప మరేదీ తయారుచేయదు. ఆ నిగ్రహమే దాని బలం.

మార్క్‌డౌన్ గురించి మాత్రం కొంత ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చాలామంది చేయి ముందుగా దాని మీదికే వెళుతుంది. 2004లో జాన్ గ్రూబర్ దాన్ని వెబ్ రాతల కోసం తయారుచేశారు, కమాండ్ల మాన్యువల్ ఆయన లెక్కలో లేదు. ఆప్షన్ పేరు, దాని కింద వివరణ అనే జాబితా మ్యాన్ పేజీకి వెన్నెముక. మార్క్‌డౌన్‌కు కట్టుబాటు తెచ్చిన కామన్‌మార్క్ ప్రమాణంలో అలాంటి జాబితాకు చోటే లేదు, ఫార్మాట్లను మార్చే పాన్‌డాక్ వంటి సాధనాల సొంత చేర్పుల మీద ఆధారపడాలి. కోణాకార కుండలీకరణాల్లో ‘ఫైలు’ అని రాస్తే దాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుగా భావించి, మ్యాన్ పేజీలోకి రాకుండా మింగేస్తుంది. పాన్‌డాక్ తన మార్క్‌డౌన్‌లో ‘స్మార్ట్’ అనే సౌకర్యాన్ని ముందే వేసి ఉంచుతుంది కనుక, కోడ్ గుర్తుల్లో పెట్టకుండా మామూలు పాఠంలో రాసిన ‘--హెల్ప్’లోని రెండు గీతలు ఒక పొడవు గీతగా మారిపోతాయి, ఇన్‌పుట్ ఫార్మాట్‌ను ‘మార్క్‌డౌన్-స్మార్ట్’ అని చెప్పి దాన్ని ఆపాలి. ఇవన్నీ దాటగలిగినవే, కంటైనర్లను నడిపే పాడ్‌మ్యాన్ ప్రాజెక్టు (పెర్ల్ వారి పాడ్‌తో సంబంధం లేనిది) మార్క్‌డౌన్ నుంచే మ్యాన్ పేజీలు తయారుచేస్తుంది. అయితే మార్క్‌డౌన్ సులువన్నది రాసే మొదటి గంటకే వర్తిస్తుందని గమనించాలి.

మూడవ మెట్టు: నిర్ణయం తీసుకోండి

ఒక్కరో ఇద్దరో నిర్వహించే ప్రోగ్రాము, ఒకటి రెండు పేజీల మాన్యువల్ అయితే నా సలహా ఎమ్‌డాక్. రాఫ్‌ను చదివే గ్నూ వారి ప్రోగ్రాము గ్రాఫ్ దాన్ని చదవగలదు, మ్యాన్‌డాక్ చదవగలదు, కాబట్టి లినక్స్‌లోనూ బీఎస్‌డీల్లోనూ నేరుగా పనిచేస్తుంది. నిర్మాణ సమయంలో అదనపు సాధనం ఏదీ అక్కరలేదు. పాత యూనిక్స్ వ్యవస్థల కోసం మామూలు మ్యాన్ మాక్రోలే కావాలంటే ‘మ్యాన్‌డాక్ -టి మ్యాన్’ మార్చి ఇస్తుంది, మార్క్‌డౌన్ కావాలన్నా ‘-టి మార్క్‌డౌన్’ ఉంది. పైనుంచి కిందికి ప్రవాహం అంటే ఇదే.

గిట్ తరహాలో పదుల కొద్దీ ఉపకమాండ్లు ఉండి, రాయడానికి చాలామంది చేయి వేసే ప్రాజెక్టు అయితే ఆస్కీడాక్ మేలు. ఎమ్‌డాక్ నేర్చుకోమని అడిగితే ఒక్క అక్షరదోషం సరిదిద్దడానికి వచ్చినవారు వెనుదిరుగుతారు. ప్రోగ్రాముకు ఇప్పటికే స్ఫింక్స్‌తో వెబ్ మాన్యువల్ ఉంటే రెండవ ఫార్మాట్ తేవద్దు, దాని మ్యాన్ బిల్డర్‌నే వాడండి. వంద పేజీలు దాటే మాన్యువల్‌కు టెక్స్‌ఇన్ఫోను ఆలోచించండి, దానితోపాటు చేత్తో రాసిన చిన్న మ్యాన్ పేజీ ఇవ్వండి. డాక్‌బుక్‌ను కొత్తగా మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

మార్క్‌డౌనే కావాలని బృందం పట్టుబడితే, ఏ సాధనంతో ఏ వెర్షన్‌తో మార్చాలో నిర్మాణ ఫైలులో స్థిరపరచండి. మార్క్‌డౌన్ ఒక ఫార్మాట్ కాదు, ఒక కుటుంబం. సాధనం మారితే పేజీ రూపం మారుతుంది.

నాలుగవ మెట్టు: పేజీ రాయండి

మొదటి విభాగం ‘నేమ్’. దీన్ని మనుషులకంటే ముందు యంత్రం చదువుతుంది. ఒక కమాండ్ ఏమిటో ఒక్క వరుసలో చెప్పే ‘వాటిజ్’కు, మాటతో పేజీలు వెతికే ‘అప్రోపో’కు కావలసిన సూచిక ఇక్కడినుంచే తయారవుతుంది కనుక, ‘కత్తెర - పాత లాగ్ ఫైళ్లను తొలగిస్తుంది’ అన్న ఒకే వరుస ఉండాలి, అలంకారాలు ఉండకూడదు. ఆ వివరణలో వాడుకరి వెతికే మాటలు పడాలి. ‘శక్తిమంతమైన, వేగవంతమైన సాధనం’ అని రాస్తే ఎవరి వెతుకులాటకూ అది దొరకదు.

తర్వాత ‘సినాప్సిస్’. ఉన్నది ఉన్నట్టు టైపు చేయవలసినది బొద్దుగా, వాడుకరి తన విలువ పెట్టవలసినది వాలుగా లేదా కింద గీతతో, ఐచ్ఛికమైనది చదరపు కుండలీకరణాల్లో, రెంటిలో ఒకటి అయితే మధ్య నిలువు గీత, పలుమార్లు రాగలిగినదానికి మూడు చుక్కలు. ఈ సంప్రదాయాన్ని యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ కూడా పాటిస్తుంది. మీ సొంత గుర్తులు కనిపెట్టవద్దు. ‘[ఆప్షన్లు] ఫైలు’ అని తేల్చేయడం అందరూ చేసే పనే గాని, ఆప్షన్లు పది లోపు ఉంటే అన్నీ విడివిడిగా చూపడమే న్యాయం. ఒకదానితో ఒకటి పొసగని రెండు వాడుకలు ఉంటే రెండు వరుసలుగా రాయండి.

వివరణలో మొదటి పేరా ప్రోగ్రాము ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకు పుట్టిందో కాదు. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఏమవుతుందన్నది ఆ పేరాలోనే తేలిపోవాలి. కత్తెర విషయంలో ‘-ఎన్ ఇవ్వకపోతే చివరి 7 ఫైళ్లు ఉంటాయి, మిగతావి అడగకుండానే తొలగిపోతాయి’ అన్నది ఆప్షన్ల జాబితాలో ఎక్కడో మూలన ఉండవలసిన సంగతి కాదు.

ఆప్షన్ల దగ్గర ఒక్కొక్కదానికీ నాలుగు సంగతులు చెప్పండి: ఏం చేస్తుంది, ఎలాంటి విలువ తీసుకుంటుంది, ఇవ్వకపోతే ఏది వర్తిస్తుంది, ఏ ఇతర ఆప్షన్‌తో తగాదా పడుతుంది. నాలుగవదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

ప్రోగ్రాము ముగుస్తూ షెల్‌కు ఇచ్చే సంఖ్యను చెప్పే ‘ఎగ్జిట్ స్టేటస్’ విభాగాన్ని ‘విజయమైతే 0, లేకపోతే వేరు’ అని ముగించడం చాలదు. ఫైళ్లలో మాట వెతికే గ్రెప్‌ను చూడండి: మాట దొరికితే 0, దొరక్కపోతే 1, తప్పు జరిగితే 2. ఈ తేడా పేజీలో రాసి ఉండబట్టే, ‘దొరకలేదు’, ‘ఫైలే తెరుచుకోలేదు’ అన్న రెండు పరిస్థితులను స్క్రిప్టులు వేరుగా చూడగలుగుతున్నాయి. తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఫైళ్లు, ఉదాహరణలు, సంబంధిత పేజీలు, చివర బగ్స్ వస్తాయి. ఉదాహరణలు కనీసం మూడు ఉండాలి. మొదటిది ఎంత మామూలుదైతే అంత మంచిది. నేనైతే పేజీ రాయడం ఉదాహరణలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సహజమైన ఉదాహరణ రాయడానికి అవస్థ పడుతున్నానంటే తప్పు ఆప్షన్ల రూపకల్పనలోనే ఉందని అప్పుడే బయటపడుతుంది.

సోర్స్‌లో ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టండి. రాఫ్‌కు వాక్యం ముగిసిందని తెలుస్తుంది, గిట్‌లో మార్పు చూసేవారికి మారిన వాక్యం ఒక్కటే కనిపిస్తుంది.

ఐదవ మెట్టు: చుక్కలు, గీతల దగ్గర జాగ్రత్త పడండి

రాఫ్ కుటుంబంలో రాసేవారు ఎంత అనుభవం వచ్చినా జారిపడే చోట్లు రెండున్నాయి. నేను రెండుచోట్లా పడ్డాను.

మొదటిది చుక్క. కాన్ఫిగరేషన్ ఫైలు గురించి రాస్తూ ఎడిటర్‌లో పేరాను వరుసలుగా సర్దినప్పుడు, ‘.కత్తెర’ లాంటి ఫైలు పేరు సరిగ్గా ఒక వరుస మొదట్లో పడింది. చుక్కతో మొదలైన వరుసను రాఫ్ మాక్రోగా భావిస్తుంది. ఆ పేరుతో మాక్రో లేదు కనుక వరుస మొత్తాన్ని నోరెత్తకుండా వదిలేసింది. ‘సెట్టింగులు హోమ్ డైరెక్టరీలోని’ అని మొదలైన వాక్యం సగంలో తెగి, తర్వాతి వాక్యంతో అతుక్కుపోయి, వ్యాకరణం కూడా దాదాపు సరిపోయింది. అందుకే రెండు విడుదలల దాకా ఎవరూ గమనించలేదు. వరుస మొదట చుక్కగానీ ఒంటి కొటేషన్ గుర్తుగానీ వస్తే దాని ముందు ‘\&’ పెట్టాలి. అది ఏ వెడల్పూ లేని, కంటికి కనిపించని గుర్తు. వరుస మొదటి అక్షరం చుక్క కాకుండా చేయడమే దాని పని. ఎమ్‌డాక్‌లోనైతే ‘.పీఏ’ మాక్రో వాడితే ఫైలు పేరు వరుస మొదట్లోకి రానే రాదు.

రెండవది గీత. రాఫ్‌లో మామూలు గీత అంటే పదాలను కలిపే హైఫన్. ‘\-’ అంటే టెర్మినల్‌లో టైపు చేసే గీత. చాలాకాలం రెండూ తెర మీద ఒకేలా కనిపించడంతో ఎవరూ పట్టించుకోలేదు. 2023 జులైలో వచ్చిన గ్రాఫ్ 1.23, యూటీఎఫ్-8 టెర్మినల్‌లో మ్యాన్ పేజీల మామూలు గీతను యూనికోడ్ హైఫన్‌గా చూపడం మొదలుపెట్టింది. కంటికి తేడా లేదు. కానీ పేజీలోంచి కమాండ్‌ను కాపీ చేసి షెల్‌లో అతికిస్తే, అది ఆప్షన్ కాదని, ఆ పేరుతో ఫైలు లేదని ప్రోగ్రాము మొరాయిస్తుంది. పేజీలో స్లాష్ కొట్టి ‘-ఎన్’ అని వెతికితే దొరకదు. ఈ ఇబ్బంది చూసి డెబియన్ సహా పలు పంపిణీలు తమ స్థానిక సెట్టింగులతో పాత తీరునే నిలిపాయి. అయినా మీ పేజీ వాటి దయ మీద ఆధారపడకూడదు. మ్యాన్ మాక్రోలతో రాసేవారు ప్రతి ఆప్షన్ ముందూ ‘\-’ రాయాలి, రెండు గీతల ఆప్షన్‌కు దాన్ని రెండుసార్లు రాయాలి. ఎమ్‌డాక్‌లో ‘ఎఫ్ఎల్’ మాక్రో సరైన గీతను తానే పెడుతుంది కనుక ఈ బాధలో పెద్ద భాగం తప్పుతుంది. మీరు నమోదు చేసినది గీత కాదు, ‘ఆప్షన్’ అన్న సంగతి. గీత ఏదై ఉండాలో సాధనం చూసుకుంటుంది.

ఆరవ మెట్టు: పరీక్షించండి

‘మ్యాన్ ./కత్తెర.1’ అని కొడితే స్థాపించకుండానే పేజీ తెరుచుకుంటుంది. పేరులో స్లాష్ ఉంటే మ్యాన్ దాన్ని ఫైలుగా తీసుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్‌లో మ్యాన్‌విడ్త్‌ను 80కి పెట్టి ఒకసారి, 50కి పెట్టి ఇంకొకసారి చూడండి; పొడవైన ఉదాహరణలు ఎక్కడ విరుగుతాయో బయటపడుతుంది.

తర్వాత ‘మ్యాన్‌డాక్ -టి లింట్ కత్తెర.1’ నడపండి. మీ సోర్స్ ఆస్కీడాక్ అయినా మార్క్‌డౌన్ అయినా, దానినుంచి పుట్టిన మ్యాన్ పేజీ మీద దీన్ని నడపవచ్చు. విభాగాల క్రమం తప్పడం, తెలియని మాక్రో, ఖాళీ పేరా, తేదీ లోపం వంటివి వరుస సంఖ్యతో సహా చెబుతుంది. నా చుక్క పొరపాటును కూడా ఇది మొదటి చూపులోనే పట్టుకునేది. గ్రాఫ్‌తో సరిచూడాలంటే ‘-మ్యాన్‌డాక్ -జెడ్ -డబ్ల్యూడబ్ల్యూ’ ఇవ్వండి: పేజీని చూపదు, హెచ్చరికలు మాత్రం చెబుతుంది. ఈ రెండు కమాండ్లనూ స్వయంచాలక పరీక్షల్లో చేర్చండి. మార్చిన పేజీలో వచ్చే హెచ్చరికలు కొన్ని సాధనం చేసే నిరపాయకరమైన పనుల వల్ల వస్తాయి, వాటి కోసం తల పగలగొట్టుకోనక్కరలేదు.

ఏడవ మెట్టు: ‘--హెల్ప్’తో పొత్తు కుదర్చండి

ఒకే సంగతి రెండుచోట్ల రాసి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండూ విభేదిస్తాయి. హెల్ప్2మ్యాన్ ఒక పరిష్కారం: ప్రోగ్రామును ‘--హెల్ప్’తోనూ ‘--వెర్షన్’తోనూ నడిపి, ఆ పాఠం నుంచి పేజీ అల్లుతుంది. అయితే దీనికి ప్రోగ్రాము నడవాలి. వేరే ప్రాసెసర్ కోసం కంపైల్ చేస్తున్నప్పుడు అది కుదరదు. ఆప్షన్లను చదివే లైబ్రరీల్లో గో భాషలోని కోబ్రా, రస్ట్ భాషలోని క్లాప్‌కు తోడుగా ఉన్న క్లాప్_మ్యాన్‌జెన్ నేరుగా ఆప్షన్ల నిర్వచనాల నుంచే పేజీ తయారుచేస్తాయి.

ఇలా పుట్టిన పేజీలు అబద్ధం చెప్పవు, కానీ తెలియనిదేదీ కూడా చెప్పవు. ‘-ఎన్ సంఖ్య: ఉంచవలసిన ఫైళ్ల సంఖ్య’ అన్న వరుసను మరో చోట అచ్చువేస్తే మాన్యువల్ కాదు, సున్నా ఇస్తే ఏమవుతుందో తెలియడానికే కదా మనిషి మ్యాన్ పేజీ దాకా వచ్చింది. అందువల్ల నేను పేజీని చేత్తోనే రాసి, కాపలాను యంత్రానికి అప్పగిస్తాను: ‘--హెల్ప్’ ఫలితంలోంచి గీతతో మొదలయ్యే మాటలన్నీ ఏరి, పేజీ పాఠంలోంచి అలాగే ఏరి, రెండు జాబితాలనూ ‘డిఫ్’తో పోల్చే పది వరుసల స్క్రిప్టు. ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని ఆప్షన్ దొరికితే పరీక్ష విఫలమవుతుంది. ‘--హెల్ప్’ పాఠం మాత్రం ఒక తెర దాటకుండా చూసుకోండి.

ఎనిమిదవ మెట్టు: విడుదల చేయండి

సోర్స్ రాఫ్ కాకపోతే, తయారైన మ్యాన్ పేజీని కూడా విడుదల పొట్లంలో పెట్టండి. ప్రోగ్రామును కంపైల్ చేసుకోవాలనుకున్నవారు మాన్యువల్ కోసం ఆస్కీడాక్‌ను మార్చే ఆస్కీడాక్టర్‌నో పాన్‌డాక్‌నో స్థాపించుకోవలసి రావడం అన్యాయం. గిట్ వారు ముందే తయారుచేసిన మ్యాన్ పేజీలను విడి పొట్లంగా ఇవ్వడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే. పేజీలోని తేదీ నిర్మించిన రోజు తేదీగా మారిపోకుండా, సోర్స్_డేట్_ఎపాక్ అనే వేరియబుల్‌కు విడుదల సమయాన్ని ఇవ్వండి. హెల్ప్2మ్యాన్, ఎస్‌సీడాక్, ఆస్కీడాక్టర్ దాన్ని గౌరవిస్తాయి, ఎవరు ఎప్పుడు నిర్మించినా అదే ఫైలు వస్తుంది.

వ్యవస్థలోని మ్యాన్ పేజీలన్నీ సంఖ్యలున్న విభాగాలుగా ఉంటాయి: మామూలు కమాండ్ల పేజీ 1వ విభాగంలోకి, నిర్వాహకుల కమాండ్లు 8లోకి, కాన్ఫిగరేషన్ ఫైలు స్వరూపం 5లోకి వెళ్లాలి. స్థానికంగా స్థాపించేటప్పుడు చోటు ‘/యూఎస్‌ఆర్/లోకల్/షేర్/మ్యాన్/మ్యాన్1’. ఉపకమాండ్లు ఉంటే ఒక్కొక్కదానికి ‘కత్తెర-జాబితా.1’ వంటి పేరుతో విడి పేజీ ఇవ్వండి. లినక్స్‌లో మ్యాన్ కమాండ్‌ను ఇచ్చే మ్యాన్-డీబీ ‘మ్యాన్ కత్తెర జాబితా’ అని విడిగా కొట్టినా ఆ పేజీనే తెరుస్తుంది.

చివరగా ఒక కొత్త కంటైనర్‌లో ప్యాకేజీని స్థాపించి, సూచికను తాజా చేసే ‘మ్యాన్‌డీబీ’ నడిపి, ‘వాటిజ్ కత్తెర’ అని అడగండి. మీరు రాసిన ఆ ఒక్క వరుస రాకపోతే ‘నేమ్’ విభాగంలో ఏదో అలంకారం మిగిలిపోయిందన్నమాట. పేజీయే కనిపించకపోతే మాత్రం వెంటనే ప్యాకేజీని తప్పుపట్టకండి: డెబియన్ స్లిమ్ వంటి చిన్న కంటైనర్ ఇమేజీలు స్థలం ఆదా కోసం మ్యాన్ పేజీలను డిస్కు మీదికి రాకుండానే ఆపేస్తాయి. పరీక్షను పూర్తి ఇమేజీలో మళ్లీ నడపండి. ఆ చిన్న ఇమేజీలో ఉన్నప్పుడే ‘కత్తెర --హెల్ప్’ కూడా ఒకసారి చదివి చూడండి, అక్కడ పనిచేసేవారికి మీ మాన్యువల్ మొత్తం ఆ ఒక్క తెరే.